చెయ్యందని చోటు

చాటింపు వేసినాక
ఊరివాళ్ళు ఊరు దాటకూడదు,
పొరుగువాళ్ళు రాత్రి నిలవకూడదు.
తొమ్మిదేండ్లకు వచ్చినోడు
ఏ లెక్కలోకి వస్తాడో ఎవురినడగాల?

తాతయ్యగుంట సందులో నాది రంగుల అంగడి.
నామంసుద్ద, కుంకుమ, బొగ్గుపొడి, గంధం.
మొగానికి ఎవురిది వాళ్ళే పూసుకుంటారు,
అద్దానికి రెండు రూపాయలు అదనం.
వీపు కాడనే కష్టమంతా.
ఎంత మొగోడికైనా నడివీపున జానెడు చోటు
తన చెయ్యందదు.
అది నా పని.

బుధవారం బైరాగి వేషం.
మొగమంతా సుద్ద, మెడలో కాయల దండ,
వేపమండ చేతబట్టి, నోరిప్పకుండా
వీపు తిప్పి నిలబడినాడు.
ఎడమ బుజం కింద దుంగలు మోసిన కాయ.
తడి సుద్ద తగలగానే
దూడ మాదిరి చర్మం అదిరింది.
నా వేళ్ళకు తెలిసిపోయింది.
నాకు తెలిసేదానికి ఇంకొంచెం సేపు పట్టింది.
సందు మొగదాల టోపీ సర్దుకుంటా కానిస్టేబులు.
"పది రూపాయలు" అన్నాను.
"చిల్లర లేదు" అన్నాను.
అంతే.

గురువారం బండ వేషం. ఒళ్ళంతా కుంకుమ.
ఆ పూట ఎవురినైనా తిట్టొచ్చు, తల్లికి ఇష్టం.
తొమ్మిదేండ్లుగా నానబెట్టిన తిట్లు
ఒక్కొక్కటే తీసి కొట్టినాను.
పాపకు టైఫాయిడ్ వచ్చిన రాత్రిది ఒకటి,
పోలీసోళ్ళు బియ్యం డబ్బా కుమ్మరించిన రోజుది ఒకటి,
గాజులు తీస్తావా ఉంచుకుంటావా అని
మా అత్త అడిగిన ఏడుది ఒకటి.
జనం నవ్వినారు. కానిస్టేబులూ నవ్వినాడు.
పేరొక్కటి మాత్రం పండ్ల కింద పట్టి పెట్టినాను.
కుంకుమ కండ్లల్లో పడిందని
ఆ మనిషి మొగం తుడుచుకున్నాడు.

మిద్దె మీద అద్దెకుండే కాలేజీ అయ్యవారు
సాయంత్రం కాఫీ తాగతా చెప్పినాడు:
గ్రీకుదేశంలో ఎనకటికొక రాజు
ఇరవై ఏండ్లకు ముష్టోడి వేషంలో ఇల్లు చేరినాడంట.
ముసలికుక్క గుర్తుపట్టిందంట,
కాళ్ళు కడిగిన దాది గుర్తుపట్టిందంట,
పెండ్లాం మాత్రం ఆఖరున, మంచం సంగతి అడిగినాక.
"ఎవురు కట్టినారు సార్ ఆ కథ, మొగోళ్ళేనా?
ఇంటినిండా కత్తులోళ్ళు కూచోనుంటే
ఏ ఆడదైనా గుర్తుపట్టినట్టు కనపడతాదా?
రాజు వేసింది ముష్టి వేషం, విప్పేస్తే పోతాది.
ఆమె వేసుకునింది ఏమీ తెలీని మొగం."
అయ్యవారు కాఫీ చల్లారబెట్టుకున్నాడు.

శుక్రవారం తోటి వేషం, బొగ్గు.
శనివారం తెల్లారకముందే దొర వేషం, గంధం.
"ఇది తెల్లగంధమే లే, దీనికి కేసు లేదు"
అని చెవి కాడ అన్నాను.
వీపు రాయైపోయింది.

అయినా వేళ్ళు మోసపోవచ్చు.
అడివిలో దుంగలు మోసినోళ్ళు
ఈ కొండల కింద ఒకరా ఇద్దరా.
"గంధం అయిపోయింది. లోపల మూటుండాది, తెచ్చుకో."
మా వేపచెక్క తలుపు వానకు ఉబ్బి
తోస్తే రాదు, లాగితే రాదు.
ఎడమ మోకాలితో అడుగున ఎత్తి
బుజంతో మెల్లిగా నెట్టాల.
పోలీసోళ్ళు దానికి గొడ్డలి తెచ్చినారు.

మోకాలు ఎత్తినాడు. తలుపు కిర్రుమనలేదు.
గడప లోపల ఒక కాలు, బయట ఒక కాలు.
అప్పుడు అర్థమయింది ఆ మనిషికి.
"గమ్మున లోపలికి పో" అన్నాను,
"పాప నిద్రపోతా ఉండాది."

విశ్వరూపం చెంప నరికిన తెల్లారుజామున
ఊరంతా మట్టి కోసం ఎగబడింది.
మేము పెరట్లో ఉన్నాము.
చెంబు మీద చెంబు పోస్తా ఉంటే
గంధం కింద నలుపు, నలుపు కింద ఎరుపు,
అన్నీ కాలవలో కలిసి పోయి
ఆఖరున ఒక నెరిసిన గడ్డం,
పైపన్ను ఊడిన నోరు.
ఎవురీ ముసలాయన?
వీపు తెలుసు నాకు. ఈ మొగం తెలీదు.
ఆ మనిషి కూడా నన్ను అట్లే చూస్తా ఉన్నాడు,
జుట్టు కాడ, చేతుల కాడ ఆగి ఆగి.

"తొమ్మిదింటికి స్టేషన్‌కు పోతాను.
ఈ మొగంతోనే" అన్నాడు.

ఇంకో చెంబు పోసినాను.
చెవి వెనకాల కొంచెం సుద్ద మిగిలింది,
బుధవారంది.
ఉండనిచ్చినాను.